ఎవరిదీ కాని మొహం

నోట్ల ప్రెస్సులో ఆయన్ని అందరూ గడ్డి మేస్త్రీ అనేవారు. అది తిట్టు కాదు, ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన స్టీలు ప్లేటు మీద గడ్డి చెక్కుతున్నాడు.

నోటు మీద గడ్డేమిటి అనకండి. పెద్ద బొమ్మ కింద చోటు ఖాళీగా వదలకూడదు. వదిలితే దొంగనోట్లవాడి పంట పండినట్టే. అందుకని అక్కడ వెంట్రుక కన్నా సన్నని గీతలు వేలకు వేలు ఉంటాయి. చూసేవాళ్లకు అది గడ్డి. దొంగకు అది గొంతులో ముల్లు.

ఆయన పనిలో చేరిన రోజుల్లో నోటు మీద రాజుగారు గుర్రమెక్కి ఉండేవారు. గుర్రం కాళ్ల కింద గడ్డి ఈయనదే. ఆరేళ్లు తిరిగేసరికి రాజుగారు చెప్పాపెట్టకుండా దేశం దాటిపోయారు. సేనాపతి వచ్చాడు. కొత్త నోటుకు ఖర్చు తగ్గించాలని పాత గడ్డి ప్లేటునే వాడారు. గుర్రం కోసం వేసిన గడ్డి మీద సేనాపతి బూట్లతో నిలబడ్డాడు. తర్వాత ఆయన్నీ దింపేశారు. ఏ గొడవా లేనివాడని ఒక ముసలి కవిగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కుర్చీ కింద గడ్డేమిటని ఎవరూ అడగలేదు. గొడవ ముక్కు దగ్గర వచ్చింది. అది మా నాన్న ముక్కు కాదు, మా చిన్నాన్న ముక్కు అని కవిగారి పెద్దకొడుకు కోర్టుకెక్కాడు. చిన్నాన్న పిల్లలు అదే నిజమని వాళ్లూ ఎక్కారు. మనుషులతో వేగలేమని ప్రభుత్వం ఈసారి ఎద్దును వేసింది. గడ్డికి అప్పటికి ఒక అర్థం వచ్చింది. కానీ కొమ్ములు చూసి తూర్పువాళ్లు ఇది పడమటి ఎద్దన్నారు. పడమటివాళ్లు తూర్పు ఎద్దన్నారు. రెండు వైపులా షాపుల వాళ్లు ఆ నోటు తీసుకోవడం మానేశారు.

రాజు పోయాడు, సేనాపతి పోయాడు, కవి పోయాడు, ఎద్దు పోయింది. గడ్డి ఉంది.

ప్రెస్సులో ఒక పొడుగాటి వరండా ఉంది. దాని గోడకు పాత నోట్లన్నీ అద్దాల ఫ్రేముల్లో వరసగా ఉంటాయి. ఒక్కో ఫ్రేము కింద ఒక మేకు, మేకుకు ఒక ఉలి, ఉలి కింద ఆ మొహం చెక్కినవాడి పేరు. అక్కడి ఆచారం అది. మొహం చెక్కినవాడు రిటైరైతే ఉలి గోడకెక్కుతుంది. పూలూ తీగలూ గడ్డీ చెక్కినవాళ్ల ఉలి స్టోరుకు పోతుంది. స్టోరువాడు దాన్ని సానబెట్టి ఇంకొకడికిస్తాడు.

గోడ చివర ఒక మేకు ఖాళీగా ఉండేది. గడ్డి మేస్త్రి అటుగా వెళ్లినప్పుడల్లా దాని మీద దుమ్ము వేలితో తుడిచేవాడు. ఎందుకు తుడుస్తున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడో తెలియదు. ఎవరూ అడగలేదు. ఆయన రిటైర్‌మెంటు ఇక ఆరు నెలలుంది.

అప్పుడు కొత్త నోటు పని వచ్చింది. ఏడుగురితో కమిటీ వేశారు. ఏడుగురూ మూడు వారాలు కూర్చుని ఒక మాట మీదికి వచ్చారు. నోటు మీద ఒక ఆడమనిషి ఉండాలి. పొలంలో కొడవలి పట్టుకుని నిలబడి ఉండాలి. ఆ మొహం ఎవరిదీ కాకూడదు. నమూనా చూసి ఏ ఒక్కరైనా ఇది ఫలానా ఆవిడలా ఉందన్నా, రేపు నోటు బజారుకెళ్లాక అన్నా సరే, ప్లేటు కరిగించెయ్యాలి.

ప్రెస్సులో బొమ్మలు గీసే ఆర్టిస్టు ఒకాయన ఉన్నాడు. జుట్టు పెంచుకుని మెడకు రంగుల గుడ్డ చుట్టుకుని తిరుగుతాడు. ఆయన ఒక మొహం గీశాడు. అది మంత్రిగారి వదినలా ఉందన్నారు. రెండోది గీశాడు. అది కమిటీ ఛైర్మన్ గారి మొదటి భార్యలా ఉందన్నారు. అన్నది ఛైర్మన్ గారి రెండో భార్య. మూడోదాన్ని అందరూ ఒక్క గొంతుతో సబ్బు ప్రకటనలో అమ్మాయి అన్నారు. ఆర్టిస్టు చెయ్యి నొప్పని సెలవు పెట్టి వెళ్లిపోయాడు.

మొహాలు చెక్కే పెద్దమేస్త్రి కళ్లలో పొర కమ్మి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. ప్రెస్సులో ఉలి పట్టేవాడు ఇంకొక్కడే మిగిలాడు. డైరెక్టరు ఆయన్ని తన గదికి పిలిచాడు.

"ఏవయ్యా గడ్డీ, నువ్వు మనుషుల మొహాలు ఎప్పుడైనా చూస్తావా?"

"లేదండి."

"అదే నాక్కావాలి. ముప్పై ఏళ్లుగా తల వంచుకుని గడ్డే చూశావు. నీ చేతికి ఎవరి మొహం వస్తుంది? ఎవరిదీ రాదు. బొమ్మ కాగితం లేదు, ఏం లేదు. నేరుగా ప్లేటు మీద చెక్కెయ్."

"మొహమాండి?"

"మొహమేనయ్యా. కుదిరితే నీ ఉలి గోడకెక్కుతుంది. కుదరకపోతే స్టోరు ఎలాగూ ఉంది."

గడ్డి మేస్త్రి బయటికొచ్చి వరండా చివరిదాకా నడిచాడు. మేకు తుడిచాడు. దాని మీద దుమ్ము లేదు, పొద్దునే తుడిచాడు.

ఇంట్లో ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పకూడదని ప్రమాణం ఉంది. ప్రమాణం లేకపోయినా చెప్పేవాడు కాదు. ఆయన మాటలు పొదుపు. ఆయన వాటా కూడా కలిపి ఆయన భార్యే మాట్లాడేది. కడుపులో ఆవగింజ దాగదు ఆవిడకి. కుళాయి దగ్గర ఒక మాట విన్నదంటే, బిందె నిండేలోపు అది వీధి చివరికి చేరేది.

ఆవిడకి ఒకే ఒక్క కష్టం ఉండేది.

"పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తలెత్తి నా మొహం చూశారా మీరు? భూతద్దం పెట్టుకుని గడ్డి మాత్రం చూస్తారు. పశువులు నయం. అవి గడ్డి తిన్నాకైనా తలెత్తుతాయి."

ఆయన కంచంలోకి చూస్తూ ఊఁ అనేవాడు.

పోనీ అంతటితో ఆగేదా? పొద్దున ఆయన క్యారియరు మరిచిపోయి వెళ్లేవాడు. మధ్యాహ్నం ఆవిడ దాన్ని పట్టుకుని ప్రెస్సు గేటు దగ్గరికి వచ్చి, గడ్డి గురించి గేటు కాపలావాడికి చెప్పేది. ప్రెస్సులో మెషిన్ తిప్పేది ఆవిడ తమ్ముడే. వాడికీ చెప్పేది. డైరెక్టరు కారు దిగుతుంటే ఆయనకీ చెప్పేది. అలా ప్రెస్సులో ఆవిడ మొహం తెలియనివాడు లేడు.

గడ్డి మేస్త్రి తలుపు వేసుకుని పనికి కూర్చున్నాడు. ఎవరిదీ కాని మొహం చెక్కాలి. మొదట కళ్లు చెక్కాడు. బాగానే ఉన్నాయి. వాటి పైన కనుబొమలు చెక్కాడు. ఎడమ కనుబొమ కాస్త పైకి లేచింది, అయితే ఏంటట అని అడుగుతున్నట్టు. చెయ్యి దానంతటది పోయింది. పోనీలే అనుకున్నాడు. పెదవి చెక్కాడు. అది ఒకవైపే నవ్వింది. చెంప మీద ఉలి చిన్నగా జారింది. తుడిచి భూతద్దం పెట్టి చూస్తే కుడి చెంప మీద, సరిగ్గా ఉండాల్సిన చోట, పుట్టుమచ్చ.

ఎదురుగా స్టీలులోంచి ఆయన భార్య చూస్తోంది.

కాగితం మీద పెన్సిలైతే రబ్బరుతో చెరపొచ్చు. స్టీలు మీద గీత గీతే. ఇంకో ప్లేటు అడుగుదామంటే మూడు వారాల పని, కమిటీ కూర్చోవడానికి ఆరు రోజులుంది. ఆయన చెమట తుడుచుకుని మిగతాది పూర్తి చేశాడు. మెడ, భుజాలు, తలగుడ్డ, కుడిచేతిలో కొడవలి. చివర్న గడ్డి. ఒక్క గడ్డి దగ్గరే ఉలి తడుముకోలేదు.

ఆ ఆరు రోజులూ ఆయన ఇంట్లో నిజంగానే తలెత్తి భార్యని చూశాడు, ఎక్కడైనా తేడా ఉందేమోనన్న ఆశతో. ఎక్కడా లేదు.

"ఏంటండీ అలా చూస్తున్నారు? ఒంట్లో బాగాలేదా?" అంది ఆవిడ.

నమూనా అచ్చు వేసేది బావమరిదే. రంగు పూసి, తుడిచి, తడి కాగితం పరిచి, చక్రం తిప్పాడు. కాగితం మెల్లగా ఎత్తి దీపం కింద పెట్టాడు. గడ్డి మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. సొంత తమ్ముడు. అక్కని గుర్తుపట్టడానికి ఎంతసేపు?

"బావా," అన్నాడు వాడు. "ఎవరు బావా ఈవిడ?"

ఈయన కళ్లు తెరవలేదు.

"ఎవరోగానీ గయ్యాళి. ఆ చూపు చూడు! ఈవిణ్ణి కట్టుకున్నవాడెవడో పాపం, ముద్ద మింగుడు పడుతుందా వాడికి?"

ఈయన కళ్లు తెరిచాడు. కాగితం చూశాడు. నిజమే, ఎవరో. కళ్లు తెలిసినవే, ముక్కు తెలిసిందే, కానీ మనిషి తెలియదు. దారిన పోతూ ఆగి దారి అడిగిన మనిషిలా ఉంది. తిప్పి చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. అప్పుడు కొడవలి కనపడింది. అది ఎడమ చేతిలో ఉంది.

ఆయన పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ప్లేటు మీద కుడి, కాగితం మీద ఎడమవుతుంది. మొహాలు చెక్కేవాళ్లకు ఇది ఓనమాల పాఠం. అందుకే బల్ల మీద చిన్న అద్దం పెట్టుకుని, అసలు బొమ్మను అందులో చూస్తూ తిరగేసి చెక్కుతారు. పెద్దమేస్త్రి అద్దం పక్క బల్ల మీదే ఉంది. గడ్డి మేస్త్రికి అది గుర్తే రాలేదు. గడ్డికి కుడేమిటి, ఎడమేమిటి? ఎటు తిప్పినా గడ్డి గడ్డే. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన దేన్నీ తిరగేసి ఎరగడు.

కమిటీ ముందు నమూనా పెట్టారు. ఏడుగురూ కళ్లజోళ్లు సవరించుకున్నారు. గేటు కాపలావాడినీ, స్టోరువాడినీ, తుడిచే ఆవిణ్ణీ కూడా పిలిచి చూపించారు. క్యారియరుతో వచ్చే ఆవిడతో రోజూ మాట్లాడే కాపలావాడు తల గోక్కుని, "మన వైపు మనిషి కాదండి" అన్నాడు. డైరెక్టరు పొంగిపోయాడు.

ఛైర్మన్ మాత్రం వేలు పెట్టి, "ఇదేమిటి, కొడవలి ఎడమ చేత్తో పట్టుకుంది?" అన్నాడు.

గడ్డి మేస్త్రికి స్టోరువాడి సానరాయి చప్పుడు చెవిలో వినిపించింది.

బల్ల చివర ఒక సన్నటి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. మూడు వారాలూ నోరు విప్పని సభ్యుడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"నేను ఎడమచేతి వాటమండి. చిన్నప్పుడు నా చెయ్యి బల్లకి కట్టేసి కుడిచేత్తో రాయించారు. ఇన్ని నోట్లు చూశాను. రాజుగారి కత్తి కుడిచేతిలో, సేనాపతి తుపాకి కుడిచేతిలో, కవిగారి కలం కుడిచేతిలో. మమ్మల్ని తలుచుకున్నవాడు ఈ దేశంలో ఇవాళ్టికి పుట్టాడు." ఆయన వచ్చి గడ్డి మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు, ఎడమచేత్తో. "ఎలా తట్టిందయ్యా నీకు?"

"తట్టిందండి," అన్నాడు గడ్డి మేస్త్రి.

నోటు ఖాయమైంది. నెల తిరగ్గానే బజారుకొచ్చింది.

ఒక సాయంత్రం ఆయన ఇంటికెళ్లేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆయనకు భయం వేసింది. భార్య మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో కొత్త నోటు.

"కూరగాయల షాపులో చిల్లరిచ్చాడు," అంది. "ఏమండీ, ఇది నేను."

ఆయన చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు.

"నేనేనండీ! రోజూ పొద్దున్నే తల దువ్వుకుంటూ చూసుకునే మొహం, నాకు తెలియదూ? ఇదే కనుబొమ, ఇదే పుట్టుమచ్చ. పక్కింటి వదినకి చూపించి ఎవరిలా ఉందన్నాను. ఎవరో పొగరుబోతుదిలే అంది. దాని కళ్లు పడ! ఇంకా నలుగురికి చూపించాను. ఒక్కరి కంటికీ ఆనదు."

"ఆనదు," అన్నాడు ఆయన.

"ఆనకపోతే పోనీ. గీసినవాడెవడో నాకు తెలిసిందిలెండి." ఆవిడ గొంతు తగ్గించింది. గొంతు తగ్గించడం ఆవిడ జీవితంలో మొదటిసారి. "మీ ఆర్టిస్టు. మెడకి గుడ్డ చుట్టుకుని తిరుగుతాడే, అతను. గేటు దగ్గర నన్ను అదోలా చూసేవాడు. నేనే పట్టించుకోలేదు. చూడండి, ఎంత శ్రద్ధగా చూశాడో! ఒక్క గీత పొల్లుపోలేదు. కట్టుకున్నవాడు ఇరవై ఎనిమిదేళ్లలో చూడంది, పరాయివాడు గేటు దగ్గర నిలబడి చూశాడు. తప్పే అనుకోండి. అడగొద్దూ మరి? రేపు డైరెక్టరు గారి దగ్గరికే వెళ్తాను. నా మొహం నన్నడక్కుండా ఎలా వేస్తారని నిలదీస్తాను."

ఆవిడ నిలదీస్తానంది గానీ, మొహంలో కోపం లేదు. జుట్టు సర్దుకుంటోంది. గడ్డి మేస్త్రికి ఒళ్లు మండింది. ఉలి సంగతి తర్వాత, ముందు ఆ మెడగుడ్డవాడి సంగతి తేలాలి.

"నేను," అన్నాడు.

"ఏంటి మీరు?"

"చెక్కింది."

"గడ్డా?"

"మొహం."

ఆయన ఆవిడ భుజం పట్టుకుని గోడ అద్దం ముందు నిలబెట్టి, నోటును అద్దం పక్కన గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ వెనక నిలబడి ఆయనా అద్దంలోకి చూశాడు. అందులో నోటు మీది మనిషి నిలబడి ఉంది. కనుబొమ అటు, మచ్చ ఇటు. ఆయన చెక్కిన మొహాన్ని ఆయన సరిగ్గా చూడటం అదే మొదలు.

తర్వాత ఆయన మాట్లాడాడు. ఏడాదికి సరిపడా మాటలు ఆ ఒక్కసారే ఖర్చయ్యాయి. ప్లేటు సంగతి, మరిచిపోయిన అద్దం సంగతి, కమిటీ సంగతి, మేకు సంగతి.

"ఊళ్లో వాళ్లు నీ మొహం తిన్నగా చూస్తారు. నువ్వు అద్దంలో చూసుకుంటావు. అందుకని ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసిందా, ప్లేటు కరిగించేస్తారు. ఉలి స్టోరుకి పోతుంది."

ఆవిడ చాలాసేపు నోటు చూసింది.

"అంటే ఎవరికీ చెప్పకూడదు."

"ఊఁ."

"మా తమ్ముడికి?"

"ఊహూఁ."

"పక్కింటి వదినకి, ఒట్టు వేయించుకుని?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ నిట్టూర్చింది. "ఇంతకన్నా ఆ ఆర్టిస్టే గీసుంటే హాయి. ఊరంతా చెప్పుకునేదాన్ని."

అప్పటినుంచి రెండు నెలలు ఆవిడ పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. కుళాయి దగ్గర ఎవరైనా నోటు తీస్తే బిందె సగంలోనే ఎత్తుకుని వచ్చేసేది. వీధిలో వాళ్లు ఆవిడకి గొంతు నొప్పేమోనని మిరియాలు పంపించారు.

రిటైర్‌మెంటు రోజు వచ్చింది. ఆవిణ్ణి కూడా పిలిచారు. రానివ్వకుండా ఎలా? వరండాలో అందరూ నిలబడ్డారు. చివరి మేకు పైన కొత్త ఫ్రేము, అందులో కొత్త నోటు. దాని కింద సరిగ్గా ఆవిడే వచ్చి నిలబడింది. ఇంకెక్కడా చోటు లేదు. పైన ఒక మొహం, కింద ఒక మొహం. గడ్డి మేస్త్రి ఉలి పట్టుకుని గోడకానుకున్నాడు.

డైరెక్టరు ఉపన్యాసం చెప్పాడు. "ఈ మొహం ఎవరిదీ కాదు. దేశమంతా వెతికినా ఇలాంటి ఆడమనిషి దొరకదు. లేని మనిషిని పుట్టించాడు మన గడ్డి మేస్త్రి!"

చప్పట్లు కొట్టారు. బావమరిది అక్క పక్కకి వచ్చాడు. వాడికి ఎక్కడ ఏం మాట్లాడాలో ఎప్పుడూ తెలియదు.

"నేను మొదట్లోనే అన్నానే అక్కా. లేదు కాబట్టి సరిపోయింది. ఇలాంటిది నిజంగా ఉండుంటే దాని మొగుడు పారిపోయేవాడు."

నలుగురూ నవ్వారు. గడ్డి మేస్త్రి నవ్వలేదు. భార్య మెడ మీద నరం ఉబ్బడం ఆయనకు కనిపించింది. ఎడమ కనుబొమ పైకి లేచింది. నోరు తెరుచుకుంది. అయిపోయింది అనుకున్నాడు. ఉలిని గట్టిగా పట్టుకున్నాడు, ఎవరైనా వచ్చి లాక్కుపోతారేమోనన్నట్టు.

డైరెక్టరు ఆవిడ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీ ఆయన పని ఎలా ఉంది?"

ఆవిడ ఫ్రేములోకి చూసింది. నుదురు చూసింది, కళ్లు చూసింది, మచ్చ చూసింది. మెల్లగా చూపు కిందికి దించింది. ఇరవై ఎనిమిదేళ్లు ఆవిడ తిట్టిపోసిన చోటికి.

"గడ్డి బాగుందండి," అంది.

ఆయన ఉలిని మేకుకు తగిలించాడు.

ఇంటికి వెళ్లే దారిలో ఆవిడ వీధి మలుపులో ఆగి, "మా తమ్ముణ్ణి ఈ ఏడాది భోజనానికి పిలవకండి," అంది. "ఎందుకని అడిగితే ఏమీ చెప్పకండి. మీకు అలవాటేగా."

"ఊఁ," అన్నాడు ఆయన, ఆవిడ మొహంలోకి చూస్తూ.